జున్నుకు అడ్డం కిష్టమ్మ

గద్వాల సంస్థానం రోజుల్లో, ధరూర్ పక్క ఊళ్లో ఎవరి ఆవు ఈనినా కిష్టమ్మ పిలవకుండానే వచ్చి పొదుగు ముందు కూర్చునేది. అదొక్కటే ఆమె పిచ్చి. ఇంటిల్లిపాదీ జున్ను కోసం గిన్నెలు పట్టుకుని నిలబడితే, దూడ తాగాక గిన్నె అడుగు తడిసేంత పిండి లేచేది.

"నిండ పిండితె పాలతోటి ఆవు ఒంట్ల బలమంత ఒక్కసారే పోతది. రెండు మూడు దినాలు ఓపిక పట్టుండ్రి."

చూడి ఆవుకు తవుడు ఎక్కువ పెట్టినా ఊరుకునేది కాదు. "దీనికి పెండ్లి జేస్తున్నరా, గింత కొవ్వెక్కిచ్చిండ్రు?"

ఆ ఊరి పిల్లకు జున్ను వండటం రాకపోతే అత్తవారు తప్పు పట్టేవారు కాదట.

అలివేలమ్మ కాపురానికొచ్చిన ఏడాదే అత్తవారింట్లో ఆవు ఈనింది. మామ భీమయ్యకు జున్నంటే ప్రాణం. కిష్టమ్మ ఎప్పటిలా కాస్త పిండి వెళ్లి సందు మలుపు తిరగ్గానే చెంబుతో కొట్టంలో దూరి, మిగిలినదంతా పిండేశాడు. అలివేలమ్మ చూసింది. కొత్త కోడలు మామను ఏమని వారిస్తుంది?

మర్నాటికి ఆవు కాళ్లు వణికి పడిపోయింది. మెడ డొక్కవైపు తిరిగింది, చెవులు చల్లబడ్డాయి. చేరిన జనంలో ఎవరో, "కోడలు అడుగువెట్టిన యాళ్ల మంచిది గాదు" అని గొణిగారు. అలివేలమ్మ తలుపు చాటుకు జరిగింది. భీమయ్య గోడకేసి చూస్తున్నాడు.

కిష్టమ్మ వచ్చి పొదుగు తడిమింది. ఖాళీ సంచి. ఒకసారి భీమయ్య మూతివైపు చూసింది.

"దావూద్, నీ సైకిల్ పంపు తేపో" అంది గుంపులో ఉన్న సైకిల్ దుకాణం అతనితో.

"ఆవుకు గాలి గొడ్తవా?"

"గద్వాల పశువుల డాక్టర్ గిట్లనే జేస్తుంటె చూసిన. గాలి నిండితె పాలు దిగయి, బలం ఒంట్లనే నిలుస్తది. తే."

పంపుకు శుభ్రంగా కడిగిన ఈక కాడ బిగించి, చన్నుల్లోకి మెల్లగా గాలి ఎక్కించి, అది పోకుండా చన్నుల మొనలు పేలికలతో కట్టింది.

"జర పైలం, ఎగిరిపోతదేమో" అన్నాడు దావూద్. ఎవరూ నవ్వలేదు.

పొద్దు వాలేసరికి ఆవు చెవులాడించి, కాళ్లు కూడదీసుకుని లేచింది.

"మరి ఎందుకు పడ్డది?" అని అడిగారు జనం. భీమయ్య ముఖం పాలిపోయింది.

"నేనే నిన్న మతి దప్పి మొత్తం పిండిన" అంది కిష్టమ్మ.

ఊరు విరగబడి నవ్వింది. ఏడాది పాటు ఆమెను ఆ మాటతోనే ఏడిపించింది.

జనం కదిలాక భీమయ్య దగ్గరికొచ్చాడు. "నా పేరెందుకు చెప్పకపోతివి?"

"పిల్ల మీద వడ్డ మాట పోవాలె. నీ పేరు చెప్తె, రేపు నువ్వు దాని చేతి బువ్వ ఎట్ల తింటవు? ఇగ దూడను పట్టుకో."

భీమయ్య తలొంచుకుని దూడను పట్టుకున్నాడు. అది ఆయన ధోవతి అంచు అందుకుని చీకసాగింది. అలివేలమ్మ నవ్వు ఆగక కొంగు నోటికడ్డం పెట్టుకుని లోపలికి పరుగెత్తింది.