ఈల వినపడేదాకా

మిల్లులో నా పని ఏమిటంటే ఏం చెప్పాలో ఆ రోజుల్లో నాకే తెలిసేది కాదు. ఫిట్టరునని మా ఆవిడ చర్చిలో అందరికీ చెప్పుకునేది. నేను ఒక్క మరనైనా ముట్టుకున్న పాపాన పోలేదు. గుంటూరు దగ్గరి ఆ జిన్నింగ్ మిల్లు నన్ను పెట్టుకున్నది కబడ్డీ జట్టు కోసం. పొద్దున ఆట, మధ్యాహ్నం పత్తి కుప్పల మీద నిద్ర. జీతం మాత్రం అందరితోపాటే.

జట్టులో నేను మూలన నిలబడేవాణ్ణి. కూతకు వచ్చినవాడి మొహం చూడను, కాళ్లే చూస్తాను. మడమ లేచిందంటే చీలమండ నా చేతిలో ఉన్నట్టే. పట్టాక ఈల వినపడేదాకా వదలకూడదు. అలా పట్టుకునే ఒకసారి పన్ను ఊడగొట్టుకున్నాను.

వినుకొండ పోటీల్లో ఇద్దరు నా మోకాలి మీద పడ్డారు. నెలల తరబడి మంచంలో ఉండి మిల్లుకు వెళితే మేనేజరు, "ఆట ఎలాగూ లేదు కదయ్యా. పని చేతనైతే ఉండు. మేస్త్రీ సరేనంటే ఉంచుతాం" అన్నారు. ఇంట్లో పసిపిల్ల. నాకు ఒళ్లు మండింది, ఎవరి మీదో మాత్రం తెలియలేదు.

"బరువులు మొయ్యలేవు. కూచొని చెత్త ఏరు," అన్నాడు మేస్త్రీ. ఆడవాళ్ల మధ్య కాలు చాపుకుని పత్తిలో ఎండుటాకులు ఏరాను.

"ఏందన్నా, కూతకు రమ్మంటావా?" అని ఒకామె నవ్వింది. ఇన్నేళ్లు ఒకే మిల్లులో ఉన్నా ఆమె ఎవరో నాకు తెలియదు.

తలెత్తలేక నేల చూస్తూ ఏరుతున్నాను. ఎదురుగా రెండు కాళ్లు వచ్చాయి. తిరిగి వెళ్లబోతూ ఒక మడమ లేచింది. నా చెయ్యి నన్ను అడగలేదు. మేస్త్రీ బోర్లా పత్తిలో పడ్డాడు.

"వదలరా! ఒరేయ్, పిచ్చా నీకు?"

ఆడవాళ్లు పడీపడీ నవ్వుతున్నారు. వదలాలని తెలుసు. వేళ్లు విడివడడం లేదు. ఎవరైనా ఈల ఊదుతారేమోనని చూస్తున్నాను.

మేస్త్రీ తల తిప్పి నా మొహం చూశాడు. గొంతు తగ్గించి, "ఆట అయిపోయిందిరా," అన్నాడు.

అప్పుడు వదిలాను. అందరి ముందూ ఏడ్చేశాను. మర్నాడు రమ్మని గానీ, రావద్దని గానీ ఎవరూ అనలేదు. పొద్దున్నే వెళ్లి అదే కుప్ప దగ్గర కూర్చున్నాను. ఇంకెక్కడికి వెళ్లాలో నాకు తెలియలేదు.