బస్సు దిగకముందే జీలకర్ర బెల్లం

మా ఆయన పోయాక నేను స్టూడియో మూసేస్తానని జగ్గయ్యపేటలో అందరూ అనుకున్నారు. అనుకోవడంలో తప్పు లేదు. నేను మూడో తరగతి సగంలో మానేసినదాన్ని. సంతకం పెట్టడం వచ్చు, బస్సు బోర్డు కూడబలుక్కుని చదవడం వచ్చు, అంతే. కానీ పదేళ్ళకు పైగా ఆ కొట్టు వెనక గదిలో కూర్చుని పెళ్ళి క్యాసెట్లు తిప్పింది కూడా నేనే. ఏ క్యాసెట్‌లో ఏముందో రాసుకోలేను కాబట్టి పెట్టెల మీద బొట్టుబిళ్ళలు అంటించేదాన్ని. ఎర్రబిళ్ళ అంటే పెళ్ళికూతుర్ని చెయ్యడం. ఆకుపచ్చ బిళ్ళ అంటే ఎదురుకోలు. రెండు బిళ్ళలు పక్కపక్కన ఉంటే తాళి కట్టడం. చదువుకున్న మా ఆయన కూడా క్యాసెట్ దొరక్కపోతే నన్నే పిలిచేవాడు.

మా స్టూడియో క్యాసెట్‌లో ముహూర్తం తప్పదని ఊళ్ళో ఒక పేరుండేది. జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు టీవీలో ఒక మూలన టైము అంకెలు కనపడేవి కదా, అవి శుభలేఖలో వేసిన ముహూర్తంతో నిమిషం తేడా లేకుండా సరిపోయేవి. వేరేవాళ్ళ క్యాసెట్లలో అరగంట, ముప్పావుగంట దాటిపోయి ఉండేది. మా వాళ్ళు కెమెరా పట్టుకుని నిలబడితే పంతులుగారు కూడా తొందరపడతారు కాబోలు అనుకుని లోపల్లోపల గర్వపడేదాన్ని.

రెండువేల సంవత్సరం దాటి కొన్నాళ్ళయ్యాక జనం సీడీలు అడగడం మొదలుపెట్టారు. అప్పటికే మా దగ్గర చిన్న క్యాసెట్ల డిజిటల్ కెమెరా ఉంది. ఇక కంప్యూటర్ కూడా తెచ్చాం. నందిగామ నుంచి ఒకాయన వచ్చి బిగించాడు. కెమెరాలో ఉన్నదాన్ని కంప్యూటర్‌లోకి దించే సాఫ్ట్‌వేర్లు రెండు వేసి, "నెల రోజులు వాడి చూడండి మేడమ్. నచ్చింది ఉంచుకోండి, రెండోది తీసేస్తా" అన్నాడు.

మొదటిది క్యాసెట్ మొత్తాన్ని ఒకే ముక్కగా దించుతుంది. అందులో ఎక్కడ ఏముందో మనమే వెతుక్కోవాలి. రెండోది తెలివైనది. కెమెరా ఆపి మళ్ళీ నొక్కిన చోటల్లా తుంచుతుంది. ఏ ముక్క ఏ రోజు ఎన్ని గంటలకి తీశారో ఆ వివరం కూడా కెమెరా నుంచి పట్టుకొచ్చి, టైము ప్రకారం వరసగా పేర్చిపెడుతుంది.

"అంటే నా బొట్టుబిళ్ళల పని ఇది చేస్తుందా?" అని అడిగాను.

"అంతే మేడమ్. బిళ్ళ కెమెరాయే అంటించి పంపిస్తుంది."

నాకు నచ్చింది. కాస్త కుళ్ళు కూడా పుట్టింది.

డిగ్రీ చదివే మా అమ్మాయి రెండోదే ఉంచుదామంది. మా ఆయన దగ్గర పన్నెండేళ్ళు కెమెరా పట్టినతను మాత్రం మొదటిదే కావాలన్నాడు. ఆయన్ని అన్నా అనేవాడు, నన్ను వదినా అంటాడు.

"ఆ రెండోది వద్దు వదినా. మొదటిది నమ్మకమైంది."

"నువ్వు మౌస్ ముట్టుకోడానికే భయపడతావ్. నీకు నమ్మకం ఎట్టా తెలిసింది బాబాయ్?" అంది మా అమ్మాయి.

"భయం కాదే. మర్యాద."

కంప్యూటర్ మీద చేసే మొదటి పెళ్ళి ఊళ్ళో కిరాణా హోల్‌సేల్ వ్యాపారి రెండో కూతురిది. ఆయన ఒక్క మాట అంటే బజారు బజారంతా వింటుంది. "మీ ఆయన లేకపోయినా మీ దగ్గరికే వచ్చానమ్మా. పని బాగుంటే మావాళ్ళందరికీ చెప్తా" అన్నాడు. బాగాలేకపోయినా చెప్తాడని నాకు తెలుసు. మా బావగారు అప్పటికే ఒకసారి వచ్చి, ఎరువుల దుకాణానికి సరిపోతుందో లేదోనని మా కొట్టు పొడుగూ వెడల్పూ కొలుచుకుని వెళ్ళారు. ఈ ఒక్క పెళ్ళి చెడితే కొట్టు ఆయనకి అప్పగించడమే.

ముహూర్తం పొద్దున పదీ ఇరవై నాలుగుకి. పెళ్ళికొడుకు వాళ్ళది కోదాడ. నేను పెళ్ళిళ్ళకి వెళ్ళడం మానేశాను కాబట్టి కొట్లోనే ఉండిపోయాను. మర్నాడు మా అమ్మాయి క్యాసెట్లన్నీ రెండో సాఫ్ట్‌వేర్‌లోకి దించింది. అది పేర్చిపెట్టింది కదా అని మేము వేసి చూసుకోలేదు. ఆ సాయంత్రమే వ్యాపారీ ఆయన భార్యా వచ్చారు. పదహారు రోజుల పండక్కి వియ్యాలవారికి చూపించాలి, ముందు మేము చూస్తామన్నారు.

తెర మీద జీలకర్ర బెల్లం వచ్చింది. మూలన పదీ ఇరవై నాలుగు.

"చూశావా, నిమిషం తప్పలేదు. ముహూర్తం దాటిందని మీ వియ్యపురాలు ఎంత రభస చేసింది" అన్నాడాయన భార్యతో.

తర్వాతి ముక్కలో పెళ్ళికొడుకు బస్సు దిగాడు. ఆ తర్వాత తాళి కట్టాడు. ఆ తర్వాత పీట మీద కూర్చుని కాళ్ళు కడిగించుకున్నాడు.

"మా అల్లుడు పెళ్ళి చేసుకుని బస్సెందుకు దిగుతున్నాడమ్మా?" అని అడిగాడాయన, చాలా నెమ్మదిగా.

"తాళి కట్టాక కడిగారేంటండీ కాళ్ళు? కడిగింది మీరేగా, గుర్తులేదా?" అంది ఆవిడ.

"నాకు గుర్తుంది. వీళ్ళకే లేదు."

మా అమ్మాయి సాఫ్ట్‌వేర్ చెడిపోయిందని నందిగామకి ఫోన్ చేసింది. అది టైము ప్రకారమే పేరుస్తుంది, కెమెరా గడియారం ఎవరైనా మార్చారేమో కనుక్కోమన్నాడతను. నేను కెమెరా అతని వైపు చూశాను. తుడిచిన లెన్సునే మళ్ళీ తుడుస్తున్నాడు.

"అన్న నేర్పిందే వదినా" అన్నాడు. "గరికపాడు దగ్గర లారీలు అడ్డంపడి బస్సు వచ్చేసరికే పదిన్నర. జీలకర్ర బెల్లం దగ్గరికొచ్చేసరికి పదకొండు దాటింది. అడ్డుతెర పట్టుకున్నాక గడియారం నలభై ఒక్క నిమిషాలు వెనక్కి తిప్పా. భోజనాలప్పుడు మళ్ళీ ముందుకి జరిపా. ప్రతి పెళ్ళికీ ఇంతే. పాత క్యాసెట్లలో తీసింది తీసినట్టే ఉండేది కాబట్టి ఎవరికీ తెలీలా. అందుకే ఇది వద్దని మొత్తుకున్నా."

"నాక్కూడా చెప్పలేదేం?"

"నువ్వు ఊరంతా చెప్పేస్తావని అన్న భయం."

అది నిజమే, చెప్పేసేదాన్ని. కానీ అన్నేళ్ళు పంతులుగారే తొందరపడుతున్నారని నేను గర్వపడ్డది ఈ గడియారం తిప్పుడుకా అనుకుంటే ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

వ్యాపారి కుర్చీ వెనక్కి జరిపాడు. ఆయన లేచి వెళ్ళిపోతే కొట్టు పోయినట్టే. లేవబోయి ఆగి, "మా పెద్దమ్మాయి పెళ్ళి కూడా మీరే తీశారుగా. అదో?" అన్నాడు.

"ఇరవై అయిదు నిమిషాలండీ. పంతులుగారికి ఆ రోజు రెండు పెళ్ళిళ్ళు."

ముందు నవ్వింది ఆవిడే. "ఆ అల్లుడు మన మాట జవదాటడు. ఇరవై అయిదు నిమిషాలకే అట్టా ఉంటే, ఈ అబ్బాయి ఇంకా మంచోడవుతాడులెండి."

"నవ్వు తర్వాత. సీడీలో చూద్దురుగాని అని మీ వియ్యపురాలితో నలుగురి ముందూ అన్నా. ఇప్పుడేం చూపించను?"

నాకు అప్పుడు వెలిగింది. "ఆవిడ బస్సు దిగింది పదిన్నరకి. ఆవిడ చేతికి వాచీ ఉంటుంది కదండీ. పదీ ఇరవై నాలుగుకే జీలకర్ర బెల్లం అయిపోయిందని మీరు చూపిస్తే, నేను బస్సులో ఉండగానే నా కొడుక్కి ఎవరితో పెళ్ళి చేశారని అడుగుతుంది. అసలు అంకెలే వెయ్యం. అక్కడ శుభలేఖ బొమ్మ పెడతాం. ముహూర్తం అందులోనే ఉంది. అబద్ధమూ లేదు, తగువూ లేదు."

ఆయన గడ్డం గోక్కున్నాడు. "అట్టాగే కానీండి" అని లేచి, గుమ్మం దగ్గర ఆగి, "పెద్దమ్మాయి సంగతి బయట అనకండి" అన్నాడు.

వాళ్ళు వెళ్ళాక కెమెరా అతను ఊపిరి పీల్చుకుని, "అయితే మొదటిదే ఉంచుతున్నాంగా?" అన్నాడు.

"రెండోదే. నువ్వు పన్నెండేళ్ళు దాచింది ఇది ఒక్క పూటలో బయటపెట్టింది. నాకు ఇట్టాంటిదే కావాలి" అన్నాను.

మా అమ్మాయి ఆ దొంగ ముక్కలన్నిటికీ నలభై ఒక్క నిమిషాలు కలిపింది. పెళ్ళి దానంతటదే సర్దుకుంది. బస్సు దిగాడు, కాళ్ళు కడిగించుకున్నాడు, అప్పుడు పెళ్ళి చేసుకున్నాడు.

పదహారో రోజున వియ్యపురాలు సీడీ చూసి ముహూర్తం ఊసే ఎత్తలేదట. తను బస్సు దిగుతుంటే చీర కుచ్చిళ్ళు బాగా పడ్డాయని ఆ ముక్క రెండుసార్లు వేయించుకుందట. రెండు నెలలు తిరక్కుండా, నందిగామలో జరిగే చిన్నకొడుకు పెళ్ళికి మమ్మల్నే కోదాడ పిలిపించింది. వ్యాపారి కూడా మాట నిలబెట్టుకున్నాడు, ఆయన బజారు నుంచి వరసగా మూడు పెళ్ళిళ్ళు వచ్చాయి.

ఆ పెళ్ళికి సామాను సర్దుకుంటూ కెమెరా అతను అడిగాడు. "ఈసారి నేను కోదాడ నుంచి మగపెళ్ళివారి బస్సులోనే వస్తా వదినా. మళ్ళీ గరికపాడు దగ్గర ఆగిపోతే?"

"కిందకి దిగి లారీల్ని తియ్యి" అన్నాను.