దేవుని గూట్లో పిస్తోలు

ఆదోనిలో కృపానందం ఇల్లెక్కడని అడిగితే చెప్పేవాళ్లు తక్కువ. తుపాకుల కృపానందం అంటే మాత్రం బస్టాండులో సోడాలమ్మేవాడు కూడా దారి చూపిస్తాడు. పేరు చూసి భయపడాల్సిన పని లేదు. ఆయన మనిషిని కాల్చింది లేదు, పిట్టను కొట్టింది లేదు. ముప్పై నాలుగేళ్లు పోలీసు ఆయుధాల గదిలో కూర్చుని తుపాకులు విప్పి, తుడిచి, నూనె రాసి, బిగించి రిటైరయ్యాడు. ఆరేళ్లయినా, ఎక్కడైనా పాత తుపాకి బయటపడితే స్టేషన్ వాళ్లు ఫోన్ చేసేది ఆయనకే. ఆ ఫోన్ మోగిన రోజు రెండు ఇడ్లీలు ఎక్కువ తింటాడని భార్య ఎస్తేరు చెబుతుంది. మోగని నెలల్లో ఇంట్లో మిక్సీనీ ఫ్యానునూ విప్పుతాడు. వాటికి ఏ రోగమూ ఉండదు.

రెండేళ్లుగా ఆయన కుడిచెయ్యి వణుకుతోంది. ఆ సంగతి ఎస్తేరుకు తప్ప ఎవరికీ తెలియదు. తెలిస్తే ఫోన్ మోగదు. అందుకని బయట ఉన్నంతసేపూ ఆ చెయ్యి ప్యాంటు జేబులోనే ఉంటుంది. చూసినవాళ్లు దర్జా అనుకుంటారు.

ఎన్నికలొచ్చాయి. లైసెన్సు తుపాకులన్నీ స్టేషన్లో అప్పజెప్పాలి గదా, ఎమ్మిగనూరులో ఒకటి ఏనాడూ రాలేదని ఈసారి పాత రిజిస్టరు తిరగేస్తే తేలింది. అది వేరుశనగ నూనె మిల్లు బసన్నది. బసన్న పోయి పదకొండేళ్లు. ఇంటికెళ్లి అడిగితే ఆయన భార్య సుభద్రమ్మ, "ఉండాది గదప్పా, దేవుని గూట్లో" అందట. ఎస్.ఐ. అక్కడ హోంగార్డు ఈరేష్‌ను కాపలా పెట్టి కృపానందానికి ఫోన్ చేశాడు.

పది గంటల బస్సుకు కృపానందం చేరాడు. గూట్లో రాఘవేంద్రస్వామి పటం, బసన్న ఫోటో, మధ్యలో పిస్తోలు. బసన్న నాయన కాలం నాటి విదేశీ సరుకు. ప్రతి దసరాకూ సుభద్రమ్మ దానికి ఆయుధపూజ చేసి పసుపు, కుంకుమ, నూనె దట్టంగా పట్టించింది. వెనక ఉండే హామర్, అంటే తూటాను పేల్చే చిన్న ఇనుప సుత్తి, పేల్చడానికి సిద్ధంగా లాగి నిలబెట్టినట్టే ఉంది. దాని నెత్తిన కూడా బొట్టుంది. కృపానందం గుమ్మంలోనే ఆగిపోయాడు.

"దీన్ని ఎవరు లాగినారమ్మా?"

"ఆయప్పే. అట్లా లేసి ఉంటే బొట్టు పెట్టేకి బాగుంటాదని నేను దించలేదు."

"లోపల గుండ్లుండాయా?"

"లేవప్పా. ఖాళీదే, జనం సూసేకి పెట్టుకున్యా అని ఆయప్పే సెప్పినాడు."

సర్వీసంతా ఆయన ఎక్కువసార్లు విన్న మాట ఇదే. పిస్తోలు మూతి ఎటుందో చూశాడు. ఎదురుగా సుభద్రమ్మ పడుకునే మంచం. ఆ విషయం ఆమెకు చెప్పలేదు. నాలుగు ఇసుక మూటలు తెప్పించి మంచం మీద పేర్పించాడు. కుట్టుమిషను నూనె కోడి ఈకతో అద్ది, ఎడమచేత్తో చుక్కచుక్కగా సందుల్లోకి వదిలాడు. తరువాత కుర్చీ వేసుకుని రెండు గంటలు ఊరికే కూర్చున్నాడు.

"సార్, బిరీన కానీమంటాండాడు ఎస్.ఐ. సారు," అన్నాడు ఈరేష్.

"పదకొండేండ్లు ఊరకుండాది. మనం తొందరపెడితేనే దానికి కోపమొస్తాది."

పసుపు నానింది. ఇక పిడి పట్టుకోవాలి. కృపానందం జేబులోంచి చెయ్యి తీసి గూటి దాకా చాపాడు. వేళ్లు ఇనుముకు తగిలి టకటకమన్నాయి. వెంటనే వెనక్కి తీసుకున్నాడు. ఈరేష్ చూసి కూడా చూడనట్టు బసన్న ఫోటో వైపు తిరిగాడు.

"నేను పడతా సార్."

"ఈ నూనె డబ్బా పిస్తోలు అనుకో. పట్టుకో సూద్దాం."

ఈరేష్ పట్టుకున్నాడు. చూపుడువేలు దానంతటదే ట్రిగ్గర్ కొక్కెం నొక్కేటట్టు వంగింది. "పోయి వసారాలో కూకో నాయనా," అన్నాడు కృపానందం.

కర్నూలు ఆయుధాల గది నుంచి ఇంకో మనిషి రావాలంటే ఎన్నికలు ముగియాలి. అంతవరకూ ఈ ఇంట్లో ఎవరు పడుకుంటారు?

"యాడ పట్టుకోవల్ల సెప్పు," అంది సుభద్రమ్మ. ఆమె మగ్గాలోళ్ల ఇంట్లో పుట్టిన మనిషి. తెగిన పోగులు అతికించిన వేళ్లు ఆమెవి. "ఏటేటా పసుపు పట్టించేది నేనే గదా. ఆ లోపలి కొక్కేన్ని మాత్రం ఎప్పుడూ ముట్టలేదు. దేవుని కడుపులో ఏలు పెడతామా?"

ఈ ఒక్క ముక్క నేర్పడానికి ఆయన వందలమంది కానిస్టేబుళ్ల మీద గొంతు చించుకున్నాడు. కృపానందం కుడిచెయ్యి ఆమె ముందు చాపాడు. "అమ్మా, నా చెయ్యి వణుకుతాది. నేను పడితే మనిద్దరం ఉండము. నేను సెప్తా, నువ్వు సెయ్యి."

మూతి ఇసుక వైపే ఉంచి ఆమె పిడి పట్టింది. చెప్పిన చోట నొక్కి కింది నుంచి గుండ్ల డబ్బా లాగింది. అందులో ఆరు తూటాలు.

"అయిపోయినట్లే గదా సార్," అన్నాడు వసారాలోంచి ఈరేష్.

"డబ్బా ఊడితే తుపాకి ఖాళీ అయినట్లు గాదు. అమ్మా, పై రేకు వెనక్కి లాగు. గట్టిగా."

మొదటిసారి కదల్లేదు. రెండోసారి పసుపు పెచ్చులు రాలి వచ్చేసింది. ఏడో తూటా గొట్టంలోంచి ఎగిరి నేలమీద పడింది. రేకు అట్లాగే పట్టుకోమని, కృపానందం టార్చి వేసి చూశాడు. ఎడమ చిటికెనవేలు పెట్టి తడిమాడు. ఖాళీ. రేకు మెల్లగా వదలమన్నాడు.

"ఇప్పుడు సుత్తిని బొటనవేలితో అదిమి పట్టు. ఇప్పుడు ముట్టు ఆ కొక్కేన్ని."

ఆమె బసన్న ఫోటోను ఒకసారి చూసి ముట్టింది. సుత్తి ఆమె వేలి కింద నింపాదిగా దిగింది. ఏ చప్పుడూ కాలేదు.

సుభద్రమ్మ నేలమీది తూటా తీసి అరచేతిలో పెట్టుకుంది. "ఖాళీదన్నాడే?"

"నీకు నిద్ర పట్టల్లని అన్నాడేమోలేమ్మా."

"గుండ్లు నింపి పెట్టుకునేంత బయముంటే నాకు సెప్పకూడదా," అందామె, ఫోటోతోనే.

ఈరేష్ పంచనామా కాగితం తెచ్చి మోకాలి మీద పెట్టుకున్నాడు. "ఖాళీ చేసినది ఎవరని రాయాల సార్? మీ పేరే గదా?"

"ఆయమ్మ పేరు రాయి. నా చెయ్యి వణుకుతాంటే ఆయమ్మ సేసిందని రాయి."

ఈరేష్ పెన్ను ఆపాడు. "వణుకు మాట యాల సార్? నేను ఎవరికీ సెప్పను."

"రాయప్పా. నువ్వు రాయకపోతే మళ్లా పిలుస్తారు. పిలిస్తే నేను వస్తాను."