ఆకుపచ్చ డబ్బా

చెత్త గురించి నాకు ఎవరైనా పాఠం చెబితే ఒళ్ళు మండుతుంది. మాది సిద్దిపేట. మా వార్డుకు చెత్త ఆటోతో వచ్చే ఆమె చదువుకున్నవాళ్ళనీ చదువుకోనివాళ్ళనీ ఒకే తీరుగా తిట్టేది. ఒకసారి నా తడి చెత్త బకెట్లో పాల కవరు కనిపించిందని బకెట్టంతా మా గడప ముందే బోర్లించింది. "కాలేజీల పిల్లలకు చెప్తవంట గద మేడం, గిదేం చదువు" అని అడిగింది. అప్పట్లో నేను జూనియర్ కాలేజీలో సివిక్స్ చెబుతున్నాను. పౌరుల బాధ్యతల పాఠం ఆ వారమే పూర్తయింది. నోరు మూసుకుని కవరు ఏరుకున్నాను. ఆ తర్వాత ఆకుపచ్చ బకెట్లో తడి, నీలం దాంట్లో పొడి, ఎర్రదాంట్లో కాలం చెల్లిన మందులూ ప్యాడ్లూ. ఆరేళ్ళు ఆమెకు నన్ను ఒక్క మాట అనే సందు ఇవ్వలేదు.

అందుకే డబ్లిన్‌లో మేం కిరాయికి దిగిన అపార్టుమెంటు వెనక చెత్త గది, అందులో రంగురంగుల పెద్ద డబ్బాలు చూసినప్పుడు, ఈ దేశంలో నాకు తెలిసిన పని ఒక్కటైనా ఉందనుకున్నాను. మిగతావేవీ తెలియవు. మా ఆయన నర్సు. మగవాడు నర్సేమిటని నవ్విన చుట్టాలే, ఇక్కడి దవాఖానలో ఉద్యోగం రాగానే మా పిల్లాడిని కూడా నర్సింగులో వేద్దామా అని ఫోన్లు చేశారు. ఆయన వెనక నేనూ, తొమ్మిదో తరగతి బిడ్డా వచ్చాం. పద్దెనిమిదేళ్ళు క్లాసులో అరిచిన గొంతు నాది. ఇక్కడ పొద్దంతా కెటిల్‌తో తప్ప మాట్లాడే పని లేకపోయింది.

ఇల్లు దొరకడమే పెద్ద యుద్ధం. ఒక ఇల్లు చూడడానికి ముప్పై మంది వానలో వరసగా నిలబడేవాళ్ళు. ఏడు వారాలు మా ఆయన తోటి ఉద్యోగి ఇంట్లో ఒక్క గదిలో ముగ్గురం సర్దుకున్నాం. చివరికి రెండో అంతస్తులో ఈ ఇల్లు ఇచ్చారు, అదీ ఆరు నెలలకే. ఫిర్యాదులేమీ రాకపోతే తర్వాత ఏడాదికి రాసిస్తామన్నారు. బిడ్డకు బళ్ళో సీటు ఈ చిరునామా మీదే వచ్చింది. ఇల్లు పోతే బడి పోతుంది, మళ్ళీ ఆ ఒక్క గదికి పోవాలి.

మా కింది ఇంట్లో ఉండేది తెలుగాయనే, కోస్తా వైపు. పదకొండేళ్ళుగా ఇక్కడున్నాడు, అపార్టుమెంటు కమిటీలో ఉన్నాడు. మొదటి రోజు లిఫ్టులో కనిపిస్తే నేనే పలకరించాను. "నమస్తే అన్నా, మాది సిద్దిపేట" అన్నాను. హైదరాబాద్ దగ్గరే కదా అన్నాడు, మా ఊరిని క్షమించి వదిలేస్తున్నట్టు. తర్వాత నా మాట తీరు విని, "మీ భాష భలే ముద్దుగా ఉంటుందమ్మా" అన్నాడు. ముద్దు చేయడానికి అదేం చంటిపిల్ల కాదు. మర్నాటి నుంచి ఆయన నాకు అన్న కాదు, సార్.

నాలుగో నెలలో అందరికీ ఒక ఈమెయిల్ వచ్చింది. రీసైక్లింగ్ డబ్బాలో ఎవరో వంటింటి చెత్త వేస్తున్నారనీ, మూడుసార్లు చెత్త లారీవాళ్ళు దాన్ని ఎత్తకుండా వదిలేసి పోయారనీ. చదివి, ఎంత మురికి మనుషులో అనుకుని పక్కన పెట్టాను.

ఆ ఆదివారం పొద్దున సార్ ఫోను పట్టుకుని పైకి వచ్చాడు. చెప్పులు బయట విడిచి సోఫా అంచున కూర్చున్నాడు.

"ఏమీ అనుకోకండమ్మా. అది మీ ఇంటి నుంచేనేమోనని."

"మా ఇంటిదని ఎట్ల తెల్సింది సార్?"

ఫోటో చూపించాడు. "చింతపండు పిప్పి, కరివేపాకు రెమ్మలు. ఐరిష్ వాళ్ళు పులుసు పెట్టుకోరు కదండీ."

"మీ ఇంట్ల పెట్టుకోరా మరి?"

"మేం చెత్త సరిగ్గా వేస్తామమ్మా."

ఇక నేను ఆగలేదు. మా ఊర్లో చెత్త ఎట్లా వేరు చేస్తామో, తప్పు చేస్తే ఎవరు ఎట్లా తిడతారో, పక్క జిల్లాల నుంచి మా ఊరి చెత్త చూడడానికి ఎందుకు వస్తారో పావుగంట చెప్పాను. ఆయన వింటూ ఫ్యాను లేని కప్పు వైపు చూశాడు. లేస్తూ, ఒకరు చేసిన పనికి మనవాళ్ళందరికీ చెడ్డపేరు వస్తుందనీ, అయినా ఏం పర్వాలేదనీ, కొత్తవాళ్ళు, తెలియక చేశారని తను మేనేజ్‌మెంటు వాళ్ళకు నచ్చజెబుతాననీ అన్నాడు. మా ఆయన గుమ్మం దాకా వెళ్ళి థాంక్స్ చెప్పి వచ్చాడు. ఆ థాంక్స్ నాకు చెంపదెబ్బలా తగిలింది.

"ఊకోవే. ఆయనతోని పెట్టుకుంటే ఇల్లు పోతది" అన్నాడు.

మర్నాడే ఇంటి ఏజెంటు నుంచి ఉత్తరం వచ్చింది. చెత్త విషయంలో మా మీద ఫిర్యాదు అందిందనీ, ఒప్పందం పొడిగించే ముందు పది రోజుల్లో రాతపూర్వకంగా వివరణ ఇవ్వాలనీ. ఎవరి ఫిర్యాదో రాయలేదు, రాయనక్కర్లేదు కూడా.

సాక్ష్యం సేకరిద్దామని బిడ్డను వెంటబెట్టుకుని చెత్త గదిలోకి దిగాను. ఎవరెవరు ఏం వేస్తున్నారో ఫోటోలు తీసి ఏజెంటు మొహాన కొట్టాలని నా ఆలోచన. ఆకుపచ్చ డబ్బా ముందు ఫోను ఎత్తాను. బిడ్డ నా చెయ్యి పట్టుకుంది.

"ఫోటో తియ్యకమ్మా. ఆకుపచ్చది తడి చెత్తకు కాదు. కాయిదాలకు, సీసాలకు. తడిది ఆ గోధుమ రంగు దాంట్ల వెయ్యాలె."

"ఎవరు చెప్పిన్రు?"

"బడిల చెప్పిన్రు. మూత మీద గూడ ఉంది."

మూత ఎప్పుడూ వెనక్కి పడిపోయి గోడకు ఆనుకుని ఉండేది. దాన్ని ముందుకు లాగి చూశాను. కాగితం బొమ్మ, సీసా బొమ్మ, డబ్బా బొమ్మ. రంగు చూశాక రాత చదవాలని నాకు ఎందుకు తోస్తుంది? నీలం డబ్బా కనిపించలేదు కాబట్టి పొడి చెత్త నల్లదాంట్లో వేశాను, అది అందరూ మిగిలిన చెత్త పారేసేది. గోధుమ రంగుది మా ఎర్ర బకెట్టు లాంటిదే అనుకుని మందులూ ప్యాడ్లూ కాగితంలో చుట్టి అందులో వేశాను, వాళ్ళు ఎరువు చేసేది దాన్నే. నాలుగు నెలలు ఇంటి చెత్తనంతా ముక్క ముక్కగా వేరు చేశాను. ఒక్కటి కూడా దాని డబ్బాలో పడలేదు.

"ఎన్నాళ్ళ సంది తెల్సు నీకు?"

"ఈ ఇంట్లకు వచ్చిన మూడో వారం సంది."

"మరి చెప్పలేదేంది?"

"నీతోని ఎవరు కొట్లాడుతరమ్మా" అంది, బయట వాన పడుతోందని చెప్పినంత మామూలుగా. "బాపుకు చెప్పిన. ఇల్లు ఏడాదికి రాసిచ్చినంక మెల్లగ చెప్దాం, అప్పటిదాంక ఊకో అన్నడు."

నా నోటికి భయపడి ఇద్దరూ కలిసి ఇంటినే పోగొట్టబోయారు. ఆ రోజు మా ఆయన డ్యూటీ నుంచి రాగానే ఏమన్నానో ఇక్కడ రాయను. ఆయన మాత్రం ఒకే మాట పట్టుకున్నాడు, కిందాయన మాట్లాడతానన్నాడు కదా, ఆయనతోనే మాట్లాడిద్దాం అని. పదకొండేళ్ళుగా ఇక్కడున్న మనిషి, ఆయన మాటకు విలువ ఉంటుందట. ఆయన నోటితో దక్కిన ఇంట్లో నేను పులుసు వండుకుని తినాలా?

ఉత్తరం నేనే రాశాను. తప్పు నాదనీ, మా ఊర్లో ఆకుపచ్చ రంగు తడి చెత్తదనీ, ఇకమీదట ఇక్కడి పద్ధతి పాటిస్తాననీ. మూతలు మూసి ఉంచితేనే వాటి మీద రాసింది కొత్తవాళ్ళకు కనిపిస్తుందనీ. మా తరఫున వేరే ఎవరూ మాట్లాడనక్కర్లేదనీ. మా ఆయన రెండుసార్లు చదివాడు.

"సారీ అన్న మాట లేదు గదనే ఇందుల."

"తప్పు నాదని రాసిన గద. మళ్ళ సారీ ఎందుకు?"

బిడ్డ బడి బ్యాగు సర్దుకుంటూ మా వైపు చూడకుండా కూర్చుంది. ఆ బ్యాగు చూసి చివర ఒక సారీ పెట్టాను. ఇప్పటికీ ఆ మాట గొంతులో ముల్లులాగే ఉంది.

పన్నెండు రోజులకు జవాబు వచ్చింది. రెండు వాక్యాలు. ఏడాదికి పొడిగిస్తున్నాం, మూతల సంగతి చూస్తాం. మా ఆయన వంటింట్లో గోడకు ఆనుకుని చాలాసేపు నిలబడ్డాడు. బిడ్డ తన స్నేహితురాలికి ఫోన్ చేసి ఏదో ఇంగ్లీషులో అరిచింది.

ఆ సాయంత్రం ఇక్కడి తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో సార్ ఒక సందేశం పెట్టాడు. కొత్తగా వచ్చిన ఒక కుటుంబానికి చెత్త విషయంలో ఇబ్బంది వస్తే తాను కలగజేసుకుని ఇల్లు నిలబెట్టాననీ, అందరూ మన పరువు దృష్టిలో పెట్టుకుని మెలగాలనీ. పేరు రాయలేదు. దానికి ఇరవై ముప్పై దండాలు పడ్డాయి.

నేను కింద రాశాను. ఆ కుటుంబం మాదే. ఆకుపచ్చ డబ్బాలో తడి చెత్త వేసింది నేను. ఒప్పుకుని ఉత్తరం రాసిందీ నేను. సార్ ఎవరితో మాట్లాడారో దయచేసి సార్‌నే అడగండి.

గంట తర్వాత ఎవరో గులాబీ పువ్వు బొమ్మ పెట్టి శుభరాత్రి అన్నారు, అప్పటికింకా ఆరున్నర.

రెండు రోజుల తర్వాత సార్ లిఫ్టులో దొరికాడు. మొహం గంటు పెట్టుకున్నాడు.

"అందరిలో అలా చెప్పుకోవాలామ్మా? మీ పరువు పోకూడదనే కదా నేను పేరు రాయలేదు."

"మా పరువు మేమే మోసుకుంటం సార్. మీకెందుకంత బరువు?"

లిఫ్టు ఆయన అంతస్తులో ఆగింది. ఆయన దిగిపోయాడు. ఇంకో ఏడాది ఆయన కింద ఉంటాడు, మేం ఆయన నెత్తి మీద ఉంటాం. పొద్దున ఏడు గంటలకు మిక్సీ వేస్తున్నాను. ఏడు నుంచి చప్పుడు చేయొచ్చని నిబంధనల్లో ఉంది. ఈసారి చదివాను.