కరెంటు బిల్లు ఎరగని మనిషి

ఇదొక మహాయుద్ధం కథ. నిజానికి, ఆగిన ఫ్యాను కింద ఇద్దరం చెమటలు కార్చిన కథ.

ఎండాకాలం, పెద్దపల్లి స్టేషను వెయిటింగ్ రూం. పక్కన కూర్చున్న పెద్దాయన బొగ్గుబావిలో రిటైరయ్యాడు. కంపెనీ క్వార్టరు వదిలి కరీంనగర్‌లో అద్దెకు దిగాలి. ఆ ఇల్లు కావాలో వద్దో సాయంత్రంలోగా చెప్పాలి.

"కరెంటు బిల్లు ఎంతొస్తది బిడ్డా? క్వార్టర్ల కంపెనే కట్టేది, నేనెన్నడు కట్టలే. కూలర్ లేకుంటే మా ఇంటామెకు నిద్ర వట్టది."

"కూలరుంటే పింఛనంత దానికే రాసియ్యాలె కాకా!" అన్నాను.

ఆయన నవ్వలేదు. లేచి వెళ్లి ఫ్యాను ఆపాడు. "తట్టుకుంటనో లేదో సూస్త."

అరగంటలో చొక్కా తడిసి ఒంటికి అంటుకుంది. నేను జేబురుమాలుతో మెడ తుడుచుకున్నాను. చివరికి ఇంటామెకు ఫోన్ చేశాడు: "ఇల్లు ఖాయం జేస్తున్న. కూలర్ నీ అర్రల, నువ్వు పండే కాడ వెడత. నాకు ఫ్యాను గూడ వద్దు."

కూలరుకు పింఛనంతా పోతుందన్నది నా వేళాకోళమే; ఆయన బండెక్కి వెళ్లాక కూడా నేను ఫ్యాను వేయలేదు. ఎవరైనా అడిగితే, స్విచ్చి తలుపు వెనక ఉంటుందని చెబుతాను.