ఆరిళ్ళ ధనియాలు... నేనాడిన అబద్ధం

మా చిన్నప్పుడు... పెద్దల అమావాస్య పెత్తరమాస దాటి దసరా దగ్గర పడుతోందంటే, చేవెళ్ళ దగ్గరి ఆలూరులో మా వంటగది ముందు స్టీలు గిన్నెలు వరుస కట్టేవి. ఒకదానిలో ధనియాలు, ఒకదానిలో ఎండుకొబ్బరి కుడుకలు, చిన్న పొట్లంలో సాజీర, లవంగాలు, చెక్క, రాతిపువ్వు... మా వాడకట్టులో ఆరిళ్ళకు దసరా మసాలా మా అవ్వే చేసేది. అవ్వ అంటే మా నాయనమ్మ.

ఏ ఇంటివి ఆ ఇంటికే విడిగా వేయించి, విడిగా దంచేది. పండుగనాటి యాటకూరలో, అదే మటన్ కూరలో, ఆ పొడి పడిందంటే వీధి మొదట్లోనే మన కడుపు అరిచేది. మరునాటి బొక్కల చారులోకి, తలకాయ కూరలోకి, బగారన్నంలోకి కూడా అదే పొడి.

ఆ వాసనే అవ్వకు తెలియదు. ఈ సంగతి ఊళ్ళో ఒక్కడికే తెలుసు... నాకు.

ఒక ఏడు ముసురు రోజుల్లో పెద్ద జ్వరమొచ్చి లేచింది. అప్పటి నుంచి మల్లెపూలైనా పెంటకుప్పైనా ఆమె ముక్కుకు ఒకటే. ఎవరికైనా తెలిస్తే గిన్నెలు రావడం ఆగిపోతుందని భయం. నన్ను పొయ్యి పక్కన కూర్చోబెట్టుకుని చెవిలో చెప్పింది.

"నీ ముక్కే నా ముక్కు బిడ్డా. వాసన వచ్చినంక చెప్పు. ఎవ్వరితోని అనకు మల్ల!"

రంగు చూసి చెప్పొచ్చు కదా అంటారేమో... ఆరిళ్ళ ధనియాలు ఆరు రంగులండీ! కొత్తవి, పాతవి, మెత్తబడ్డవి. రంగును నమ్మితే కొంప మునిగినట్టే. వేయించే మట్టి మంగలంలో వేడెక్కుతుంటే ముందు పచ్చిగడ్డి వాసన వస్తుంది. ఇంకాసేపటికి నిమ్మతొక్క గిల్లినట్టు ఒక వాసన లేస్తుంది. అప్పుడు "అయింది" అనాలి. అంతే నా ఉద్యోగం.

పదేళ్ళకే ఆరిళ్ళ పండుగ నా ముక్కు మీద నడుస్తోందని ఎంత పొగరో నాకు! పొగరున్న చోట బుద్ధి ఉండదు కదా...

ఆ ఏడు సద్దుల బతుకమ్మకు ముందురోజు. దోస్తులంతా తంగేడు పూలకు బయలుదేరి మా గడప ముందు నిలబడ్డారు. "శీనూ, వస్తవా రావా?" అని ఒకటే అరుపులు. ఆలస్యమైతే పూలన్నీ వేరే వాడకట్టు వాళ్ళు కోసుకుపోతారు. సరిగ్గా అప్పుడే మొదటి గిన్నె ధనియాలు మంగలంలో పడ్డాయి.

"అయినయా బిడ్డా?"

"అయినయ్ అవ్వా."

కాలేదు. రెండో గిన్నె కూడా కాలేదు. ఆరు గిన్నెలకూ అదే అబద్ధం చెప్పి లేచాను.

"గింత జల్ది అయినయారా?" అని వెనక నుంచి అడిగింది అవ్వ. వినిపించనట్టు పరుగు తీశాను. సాయంత్రానికి సంచి నిండా తంగేడు పూలు తెచ్చాను.

దసరా రోజు పొద్దుగూకే వేళ, జమ్మి ఆకు చేతిలో పెట్టి అవ్వ కాళ్ళు మొక్కడానికి అందరూ వచ్చారు. పక్కింటి లక్ష్మమ్మ నసుగుతూ అంది. "అత్తా, ఏమనుకోకు... ఈసారి కూర పచ్చిపచ్చిగ వాసన కొట్టింది. పిల్లలు ముట్టనే లేదు." ఇంకొకామె నవ్వుతూనే, "అత్తకు వయసు మీద పడ్డది, ఇంకెన్ని రోజులు చేస్తది పాపం" అంది.

నేను తలుపు వెనక ఉన్నాను. అవ్వ ఒక్కసారి నా వైపు చూసింది.

"నాదే తప్పు బిడ్డా. మంట తక్కువ పెట్టిన" అంది వాళ్ళతో.

చెప్పాల్సింది నేను. చెప్పలేదు...

మరుసటి ఏడు అవ్వ వంటగది ముందు శుభ్రంగా అలికి, పీట వేసుకుని కూర్చుంది. ఒక్క గిన్నె రాలేదు. అందరూ చేవెళ్ళ అంగడిలో ప్యాకెట్లు కొనుక్కున్నారట. మూడు రోజులు ఎదురుచూసింది. వాకిట్లో చెప్పుల చప్పుడైతే చాలు, తలెత్తేది.

నాలుగో రోజు మా ఇంటి ధనియాలు మాత్రం మంగలంలో పోసి నన్ను పిలిచింది. ఇంకా నా ముక్కునే నమ్ముతోందే అని నాకు ఏడుపొచ్చింది. దోస్తులు పిలిచినా కదల్లేదు. వాసన లేచేదాకా కూర్చుని, "ఇగ అయినయ్ అవ్వా" అన్నాను.

ఆమె మంగలం దించి, నా వైపు చూడకుండా మెల్లగా అడిగింది.

"నిరుడు తంగేడు పూలు మంచిగ దొరికినయారా?"

అంతే. తిట్టలేదు. అంతా తెలిసే తప్పు తన మీద వేసుకుందని అప్పుడర్థమైంది. తల వంచుకుని "ఊ" అన్నాను. మన్నించమనడానికి నోరు రాలేదు. రెండు దసరాలు గడిచాక అవ్వ పోయింది.

ఇప్పుడు మొయినాబాదులో ఒక గది కిరాయికి తీసుకుని ఉంటున్నాను. చందనవెల్లిలో గోదాము ఉద్యోగం. పెళ్ళి కుదరలేదు, కుదరలేదు అంటూనే నలభై దాటాయి. ఆలూరు పెద్ద దూరమేం కాదు... కానీ అక్కడ రమ్మని పిలిచే ఇల్లు లేదు. పండుగకు పావుకిలో మటన్ అడిగితే దుకాణమతను "గంతేనా అన్నా?" అంటాడు. "గంతే" అంటాను.

నిన్న ధనియాలు వేయించాను. గ్యాస్ పొయ్యి మీదే అయినా సరిగ్గా ఆ నిమ్మతొక్క వాసన లేచింది. "అయినయ్ అవ్వా" అన్నాను పైకే. గదిలో నేనొక్కణ్ణే... పొయ్యి ఆర్పేశాను.

దంచి ఆరు పొట్లాలు కట్టాను. ఆ ఆరిళ్ళ పెద్దవాళ్ళలో ఇప్పుడు లక్ష్మమ్మ ఒక్కతే మిగిలిందట. రేపు ఒక పొట్లం పట్టుకుని పోవాలి. ఆ కూర ఆమెకు గుర్తుంటుందో లేదో గానీ, మా అవ్వ మంట తక్కువ పెట్టలేదని ఒక్కరికైనా చెప్పాలి.

మీ ఇంట్లో దసరా మసాలా ఎవరి చేతిది? వాళ్ళకు చెప్పలేకపోయిన మాట ఏదైనా మీ దగ్గరా మిగిలి ఉంటే, కింద రాయండి... ఇప్పటి ప్యాకెట్ మసాలా ఏ ఏడూ పచ్చి వాసన కొట్టదు. కొట్టినా, "నాదే తప్పు బిడ్డా" అనడానికి దాని వెనక మా అవ్వ ఉండదు.