మట్టి వదలని టైర్లు

మా ఆయన మిలిటరీ వేలంలో పికప్పు బండి కొన్న ఏడు మా క్యాంపులో నా అంత గర్వంగా నడిచిన మనిషి లేదు. కాలవ నీళ్లొచ్చాక గుంటూరు వైపు నుంచి వచ్చి ఈ బళ్లారి నల్లరేగడిలో వరి వేసుకుంటున్న వాళ్లం. మా ఇళ్ల వరసనే ఇక్కడ క్యాంపు అంటారు. అది మామూలు బండి కాదు, నాలుగు చక్రాలనూ ఇంజనే తిప్పుతుంది. ఐదో తరగతితో చదువు ఆపేసినదాన్నయినా ఆ ఒక్క సంగతీ ఇరుగమ్మకీ పొరుగమ్మకీ పాఠంలా అప్పజెప్పేదాన్ని.

టైర్లు మాత్రం అరిగి నున్నబడిపోయాయి. పెద్ద వానలు పట్టేలోపు మార్చాలని బళ్లారి బయల్దేరితే, మా పొలం పక్కన మెట్టచేను ఉన్న తాత కూడా ఎక్కాడు. బండి రాకముందు మా వడ్లను మిల్లుకి లాగింది ఆయన ఎద్దులే. ఉన్నది ఆ ఒక్క జతే.

పాత మిలిటరీ సరుకు అమ్మే సాయిబు కొట్లో రెండు రకాల టైర్లు చూపించారు. ఒకదానికి రబ్బరు దిమ్మలు దగ్గర దగ్గరగా, గవ్వలు పేర్చినంత అందంగా ఉన్నాయి. రెండోదానికి వేలెడు మందం పట్టీలు, వాటి మధ్య ఇంతింత ఖాళీలు. అది తారు రోడ్డు మీద హోరుమంటుందని, ఒళ్లు కుదిపేస్తుందని సాయిబే చెప్పాడు. నాకు మొదటిదే నచ్చింది. రబ్బరు ఎంత ఎక్కువ ఉంటే అంత పట్టు కదా అని నా లెక్క. మా డెల్టాలో బురద చూసి పెరిగినదాన్ని, బురద సంగతి నాకొకరు చెప్పాలా అనుకున్నాను.

తాత తన తువ్వాలు మూట విప్పాడు. అందులో చేలోంచి తెచ్చిన నల్లమట్టి గడ్డ ఉంది. ఈ నేల వాళ్లు పార కొన్నా, గుంటక కొన్నా అంతేనట, తడిమట్టి మెత్తి చూడందే తీసుకోరట. ట్యూబుకి పంచరు చూసే తొట్లో నీళ్లు తీసుకుని ఆ మట్టిని పిసికాడు. రెండు టైర్లకీ బొటనవేలితో కూరాడు. కాసేపు ఆగి, టైరు అంచు మీద పిడికిలితో గుద్దాడు. ఖాళీలున్న టైరులోంచి మట్టి పెళ్లలుగా రాలింది. నాకు నచ్చినదాంట్లో దిమ్మల మధ్య కదలకుండా కూర్చుంది.

"నోడమ్మా, ఇట్ల చూడు, మన్ను దానంతట అదే ఊడి పడాల. పడకపోతే చక్రం ముద్దయి పోతాది. అప్పుడు నాలుగు తిరిగినా ఒకటే, నలబై తిరిగినా ఒకటే."

కొత్త టైర్ల మీద ఆ మట్టేమిటని కొట్లో వాళ్లంతా చూస్తున్నారు. మాతో వచ్చిన మనిషని నాకు సిగ్గేసింది. నోరు ఊరుకోదుగా.

"టైరుకి పిండి రాసి అప్పాలు వండుతున్నావా తాతా?" అన్నాను.

కొట్టు మొత్తం నవ్వింది. మా ఆయన కూడా నవ్వాడు. తాత తువ్వాలుతో చేతులు తుడుచుకుని బయటికెళ్లి నిలబడ్డాడు. మా ఆయన కాస్త తటపటాయించి, ఆయన మాటలో ఏదో ఉందేమోనే అన్నాడు. మీరు బండి కొన్నది నన్ను కుదిపేయడానికా అని మూతి ముడుచుకున్నాను. దిమ్మల టైర్లే కొన్నాం. దారంతా బండి మెత్తగా పోతుంటే నేను వాగుతూనే ఉన్నాను. తాత వెనక కూర్చుని ఉలకలేదు, పలకలేదు.

భాద్రపదంలో నాలుగు రోజులు ముసురు పట్టింది. ఐదో రోజు కాస్త తెరిపివ్వగానే ఎరువు బస్తాలు వేసుకుని కాలవ గట్టు మీద పొలానికి బయల్దేరాం. ఫర్లాంగు కూడా పోలేదు. టైర్ల సందుల్లో మట్టి నిండిపోయి, గీతనేది కనపడకుండా నాలుగు చక్రాలూ నల్లటి ముద్దలయ్యాయి. నాలుగూ తిరుగుతున్నాయి, ఒక్కటీ నేలను పట్టుకోవడం లేదు. బండి పక్కకి జారి కాలవ వైపు ఒరిగింది. మా ఆయన బ్రేకు మీంచి కాలు తీయలేక, ఎవరినైనా పిలుచుకు రమ్మని నన్ను పంపాడు. మా దమ్ము దున్నలు మేతకి పోయి ఉన్నాయి, దగ్గర్లో ఎద్దులున్నది ఒక్క తాతకే.

అప్పుడు తాత విత్తనం వేసే గొర్రు సిద్ధం చేసుకుంటున్నాడు. వాన వెలిసింది, నాలుగు రోజులు ఎండ కాస్తే నేల పదునుకొస్తుంది, ఆ పదునులోనే తెల్లజొన్న విత్తుకోవాలి. పదును పోతే ఆ ఏటికి ఇంట్లో జొన్నలు లేనట్టే. అయినా ఆ పని వదిలేసి ఎద్దుల్ని తోలుకొచ్చాడు. చక్రాలు చూశాడు, నన్ను చూడలేదు. కొడవలితో కాస్త మట్టి గీకి, గొలుసు తగిలించి అదిలించాడు. బండి గట్టు మీదకి ఎక్కింది. ఎక్కిన ఊపులోనే కుడివైపు కట్టిన వలపటి ఎద్దు కాళ్లు జారి కూలబడింది. లేపితే లేచింది గాని, ముందరికాలు నేల మోపలేదు. జబ్బ జారిందని, ఇక కాడి కిందికి పనికిరాదని తాత తడిమి చూసి చెప్పాడు.

మా ఆయన మా దున్నల జతను తోలుకుపొమ్మన్నాడు. ఒక పూట గొర్రు కట్టి చూశారు. వరిమడి బురదకే అలవాటుపడ్డ దున్నలకి మెట్టచేలో గొర్రు లాగుతూ తిన్నగా నడవడం కుదరలేదు. ఊళ్లో అందరికీ విత్తనం పనే, ఎద్దుల్ని అరువిచ్చేవాళ్లు లేరు. వాళ్ల పనులయ్యాక తాతకి ఎద్దులు దొరికేసరికి సగం చేను గట్టిబడిపోయింది. ఆ సగం బీడుపడింది. టైర్లు తెలివితక్కువగా కొన్నాడని క్యాంపంతా మా ఆయన్ని అంటుంటే ఆయన పడ్డాడు. నేను పక్కనే ఉండి, నోట్లో నాలుక లేనిదానిలా ఊరుకున్నాను.

పదిరోజులకి ఆగలేక తాత చేనుకి పోయాను. టైర్లు కొనిపించింది నేనేనని, మా ఆయన కాదని చెప్పాను.

"తెలుసమ్మా" అన్నాడు. "ఆ పొద్దు బండి ఎక్కేటప్పుడు ఇంగోసారి చెప్పల్లనుకుంటి. మళ్లా నగుతావని గమ్మునుంటి. చెప్పుండాల్సింది. తప్పు నాది కూడా ఉండాది."

ఆయన తిట్టి ఉంటే ఏదో ఒకటి అనేదాన్ని. ఆయన తప్పులో వాటా అడిగాడు. కొట్లో నేను నవ్వించింది ఎంతసేపని, ఒక్క నిమిషం ఉంటుందేమో.

అప్పట్నుంచి రోజూ పొద్దున్నే ఆ ఎద్దుకి పచ్చగడ్డి మోపు మోసుకెళ్తున్నాను. అది మూడు కాళ్ల మీద లేచి నా వైపు కుంటుకుంటూ వస్తుంది. తాత భార్య మోపు అందుకుని ఎద్దు ముందు వేస్తుంది. నన్ను ఒక్క మాటా అనదు. కూర్చోమని కూడా అనదు.